కొండ దాచుకున్న వాన

నడి వేసవిలోనూ నిండుగా ఉండే మహానంది కోనేరు... మన్యంలో రాతి సందుల్లోంచి కారే ఊట... ఇంతకీ ఆ నీళ్లెక్కడివి?

మే నెల ఎండకు నంద్యాలలో తారురోడ్లు మెత్తబడతాయి. కుందూ సన్నబడుతుంది. చేలల్లో నల్లరేగడి బెత్తెడు వెడల్పున నోళ్లు తెరుస్తుంది. అక్కడికి తూర్పున, పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా, నల్లమల పాదాల దగ్గర ఉంది మహానంది. అక్కడి నీళ్లను చూసి అది ఏ నెలో చెప్పడం కష్టం.

గర్భగుడిలో లింగం కింద ఊరే నీరు రుద్రగుండంలోకి వస్తుంది. నాలుగు వైపులా మెట్లు, నడుమ చిన్న మండపం, అయిదడుగుల లోతు. అడుగున గుండుసూది పడినా కనిపిస్తుందని ఊరివాళ్లు గొప్పగా చెబుతారు. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. అక్కడి నుంచి నీళ్లు గాలిగోపురం బయటున్న బ్రహ్మగుండం, విష్ణుగుండాల్లోకి వెళ్తాయి. ఆపైన కాలువల్లోకి, అరటితోటల్లోకి. గుండంలో మట్టం అయిదడుగులు దాటకుండా, వచ్చిన నీటిని వచ్చినట్టే బయటికి పంపే ఏర్పాటు పాతకాలపు స్థపతులది. ఇందులో అందం కంటే తెలివి ఎక్కువ. ఊట మూతి మీద నీటి బరువు పెంచితే అది మరో సందు వెతుక్కుని ఇంకెక్కడో పైకి లేస్తుంది. ఊటను నిలబెట్టుకోవాలంటే దానికి ఎదురు చెప్పకూడదని ఆ పనివాళ్లకు తెలుసు.

గుడికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి స్వామీ?" అని. "శివయ్య పాదాల కింద నుంచి నాయనా" అన్నది సిద్ధంగా ఉండే జవాబు. కాశీలో మునిగిన గంగ ఇక్కడ తేలిందనేవాళ్లూ ఉంటారు. అదేం వింత కాదు. ఊటనీరు భూమి లోపలి ఏదో మహాసముద్రం నుంచి వస్తుందని యూరప్‌లో పండితులు సైతం శతాబ్దాల పాటు నమ్మారు. వానకు అంత శక్తి లేదని వాళ్ల అనుమానం. ఆ అనుమానాన్ని తీర్చినవాడు పియెర్ పెరో అనే ఫ్రెంచివాడు. సెన్ నది పుట్టే ప్రాంతంలో ఏడాది పాటు పడిన వానను, నదిలో పారిన నీటిని పక్కపక్కన పెట్టి లెక్క కట్టాడు. నదిలో పారినదానికి ఆరు రెట్ల వాన పడుతోందని తేలింది. 1674లో అచ్చయిన ఆ లెక్కతో భూగర్భ సముద్రాల కథకు నూకలు చెల్లడం మొదలైంది.

మన దగ్గర ఇంకా ముందే వరాహమిహిరుడు ఉన్నాడు. ఆరో శతాబ్దపు ఆయన 'బృహత్సంహిత'లో నీటిజాడలు వెతకడానికే 'దకార్గళం' అనే అధ్యాయం కేటాయించాడు. ఏ చెట్టు పక్కన ఏ పుట్ట ఉంటే ఎంత లోతున జల తగులుతుందో అందులో వివరంగా రాశాడు. మహానంది స్థలపురాణంలోనూ పుట్ట ఉంది. ఒక ఆవు రోజూ వెళ్లి దాని మీద పాలు కార్చేదని, అక్కడే స్వామి వెలిశాడని కథ. పుట్ట దగ్గర నీళ్లుంటాయన్న పాత నమ్మకం కథలోకి ఎక్కిందో, కథే ముందో ఎవరు చెప్పగలరు!

మహానంది నీళ్లు వాననీళ్లే. నల్లమల మీద పడ్డ వాన. కాకపోతే నిన్నటి వాన కాదు.

రాళ్ల మధ్య దారి

నల్లమల ఎక్కిన వాళ్లకు మొదట కనిపించేది అడవి. ఆ అడవి కింద ఉన్న రాయిదే అసలు సంగతి. కర్నూలు, కడప, ప్రకాశం జిల్లాల కింద, నెలవంక ఆకారంలో, సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న పాతకాలపు పల్లం ఒకటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కడప బేసిన్ అంటారు. వందకోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో అక్కడ సముద్రాలు వచ్చిపోయాయి. అవి వదిలిన ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయి అయ్యాయి. 1872లో భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ ఈ రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. ఈ పొరలకు అక్కడి ఊళ్ల, కొండల పేర్లే పెట్టారు. నంద్యాల, పాణ్యం, కోవెలకుంట్ల, బనగానపల్లె, ఔకు, నార్జి... పల్లెవెలుగు బస్సు ఆగే ఊళ్ల పేర్లన్నీ ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో ఉన్నాయి.

పాత ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. సుత్తితో కొడితే నిప్పులు రాలే రాయి అది. అలాంటి రాయిలోకి చుక్క నీరైనా దిగుతుందా? రాయిలోకి దిగదు, పగుళ్లలోకి దిగుతుంది. నల్లమల పొరలు ఒకప్పుడు తూర్పు నుంచి పడమటికి వచ్చిన ఒత్తిడికి దుప్పటి మడతల్లా ముడుచుకున్నాయి. గట్టి రాయి మడత పడితే విరుగుతుంది. ఆ విరుగుళ్లు, నెరియలు, పొరకూ పొరకూ మధ్య సందులు ఒకదానితో ఒకటి కలిసి, కొండ లోపల సన్నటి కాలువల వలలా తయారయ్యాయి. పాత బురద గట్టిపడి షేల్ అయింది. పలకలు పలకలుగా ఊడే ఈ మెత్తటి రాయి మడత పడ్డా విరగదు, వంగుతుంది. అందుకే అందులో పగుళ్లు తక్కువ. నీటిని ముందుకు పోనివ్వదు.

ఇక మిగిలింది ఈ రెండూ కలిసే చోటు. నల్లమల పడమటి అంచున పాత కొండరాళ్లు పక్కకు జరిగి, కుందూ లోయలోని కొత్త పొరల మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఈ భారీ అతుకును శాస్త్రవేత్తలు 'రుద్రవరం రేఖ' అంటారు. అహోబిలం దగ్గరున్న రుద్రవరమే అది. అతుకుకు తూర్పున పగుళ్ల కొండ. పడమట నంద్యాల షేల్, దాని మీద నల్లరేగడి. కొండ మీద ఇంకిన వాన పగుళ్ల వెంట కిందికి జారుతూ పాదాల దాకా వస్తుంది. అక్కడ షేల్ అడ్డం తగులుతుంది. వెనక నుంచి కొండెత్తు నీటి బరువు తోస్తూ ఉంటుంది. ముందుకు దారి లేదు, వెనక్కి వెళ్లే వీల్లేదు. ఇక పైకి రావలసిందే. పటం తీసి చూస్తే ఓంకారం, మహానంది, అహోబిలం ఉత్తరం నుంచి దక్షిణానికి కొండ అంచు వెంటే వరసగా కనిపిస్తాయి. నీళ్లున్న చోట మునులు కూర్చున్నారు, మునులున్న చోట గుళ్లు వచ్చాయి. ఆ నీళ్లు మాత్రం రాళ్లు కలిసిన చోట వచ్చాయి.

మహానంది నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా, మధ్యాహ్నం చల్లగా ఉంటాయని భక్తులు ఆశ్చర్యపోతారు. నీటిని అడిగితే తాను మారలేదనే చెబుతుంది. నేలకు పది పదిహేను మీటర్ల కిందికి వెళ్తే ఎండా చలీ తెలియవు. ఏడాది సగటు వేడి ఎంతో అక్కడ ఎప్పుడూ అంతే. ఊటనీరు ఆ వేడితోనే పైకి వస్తుంది. పుష్యమాసం తెల్లవారుజామున ఒళ్లు వణుకుతున్నప్పుడు అది వెచ్చగా తోస్తుంది. వైశాఖంలో మంచు ముక్కలా తగులుతుంది. మారింది స్నానం చేసేవాడి చర్మం. నీరు ఇంకా లోతుకు, కిలోమీటరు దాకా దిగితే మాత్రం అక్కడి రాతివేడికి నిజంగానే కాగుతుంది. తెలంగాణలో మణుగూరు ప్రాంతపు వేడినీళ్లు ఆ కోవలోవి.

సెకనుకో బిందె

వాన ఆగిన ఆరు నెలలకు కూడా ఊట ఎందుకు ఆగదు? కుండ అడుగున సన్న చిల్లు పెడితే నీళ్లు గబుక్కున పోవు కదా... కొండ కూడా అంతే. పగుళ్లు జుట్టు వెంట్రుకంత సన్నవి. మలుపులెన్నో. ఈ రుతువులో తలమీద పడిన వాన పాదాల దగ్గరికి చేరడానికి నెలలు, ఒక్కోచోట ఏళ్లు పడుతుంది. ఈలోగా పైన మరో వర్షాకాలం వచ్చేస్తుంది.

ఎంత నీరు ఇంకుతుందన్నది తెలిస్తే కొండ మీద గౌరవం పెరుగుతుంది, భయమూ కలుగుతుంది. భూగర్భజల వనరుల అంచనా కమిటీ 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం క్వార్ట్‌జైట్ నేలల్లో వానలో లోపలికి దిగేది 6 శాతం. షేల్ అయితే 4 శాతమే. మిగతాదంతా వంకల్లో పోతుంది, ఎండకు ఆవిరవుతుంది, చెట్లు తాగుతాయి. కొండ మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. అందులో ఇంకేది 54 మిల్లీమీటర్లు. అంటే బెత్తెడు కూడా కాదు. అయినా ఒక చదరపు కిలోమీటరు మీద అది 5 కోట్ల 40 లక్షల లీటర్లు. ఏడాది పొడవునా సమంగా పంచితే సెకనుకు 1.7 లీటర్లు. పది చదరపు కిలోమీటర్ల కొండ ఉంటే సెకనుకో బిందె నీళ్లు వస్తాయన్నమాట, రాత్రీ పగలూ, ఆదివారం సెలవు కూడా లేకుండా.

ఈ లెక్కను తిరగేస్తే అసలు విషయం బయటపడుతుంది. సెకనుకో బిందె నీళ్లు కావాలంటే పది చదరపు కిలోమీటర్ల కొండ ఉండాలి. కోనేరు గుడి ప్రాకారంలో ఉంటుంది, కోనేటి తల్లివేరు మాత్రం ఎక్కడో అడవిలో ఉంటుంది. ఆ లెక్కన మహానంది అదృష్టవంతురాలు. వెనకనున్న నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉన్నాయి. పులి కోసం పెట్టిన కాపలా నీటికీ పనికొస్తోంది. ఆకులు, వేళ్లు, చివికిన మట్టి కలిసి వాన వేగాన్ని తగ్గిస్తాయి. నీరు కాసేపు నిలబడితేనే పగులును వెతుక్కోగలదు. వేసవిలో అడవి అంటుకుని ఆకుల పరుపు కాలిపోయిన చోట మొదటి వానకే మట్టి కొట్టుకొచ్చి, ఆ పగుళ్ల నోళ్లనే మూసేస్తుంది.

కృష్ణకు అవతలి నల్లమలలో, నాగర్‌కర్నూలు జిల్లా అడవుల్లో సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమికి అక్కడ జాతర. లోయలోకి రాళ్ల మీదుగా దిగాలి. చుట్టూ అడవి ఎండి గలగలమంటుంటే, నిలువు రాతిగోడ మీది నుంచి ధార పడుతూ ఉంటుంది. ఆ జాతర వానాకాలంలో కాక ఎండలు ముదిరే వేళ రావడంలో అర్థముంది. వానాకాలంలో ఏ కొండైనా జలపాతమే. ఎండాకాలంలో పారేది ఊట ఒక్కటే. చెంచులకు ఈ తేడా ఎప్పటి నుంచో తెలుసు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో మాటల కరువు లేదు. నేలలోంచి చెమ్మగా కారేది ఊట. ఉబికి బుడగలు లేచేది బుగ్గ. ఏటి ఇసుకలో చేత్తో తవ్వితే ఊరేది చెలమ. రాతి గుంటలో వాననీరు నిలిస్తే దొన. అది ఊట కాదు, ఎండితే మళ్లీ వాన రావలసిందే. తాడిపత్రిలో పెన్న ఒడ్డునున్న గుడి బుగ్గ రామలింగేశ్వరుడిది, లింగం దగ్గర ఊరే జలతో వచ్చిన పేరు. కడప ఊళ్లోంచి పారేది బుగ్గవంక. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే రైలు నల్లమల మధ్యలో ఆగే ఒక స్టేషన్ పేరు చెలమ! ఊరి పేరులో నీరున్న చోట ఒకప్పుడు నీరున్నట్టే. ఇప్పుడూ ఉందా అన్నది ఆ ఊరివాళ్లను అడగాలి.

నాపరాయి తొందర

అన్ని కొండలూ నల్లమలలా నిదానస్థులు కావు. కుందూ దాటి పడమటికి వెళ్తే ఎర్రమలలు. అక్కడ రాజ్యం సున్నపురాయిది. బేతంచెర్ల నాపరాళ్లు పరవని ఇల్లు రాయలసీమలో అరుదు. ఆ రాయే ఇది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపుకి సున్నపురాయి కరుగుతుంది. జుట్టంత పగులు వేలంత అవుతుంది, వేలంతది సొరంగం అవుతుంది. బెలుం గుహలు అలా పుట్టినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. 1982-83లో జర్మన్ల బృందం లోపల తిరిగి కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. లోపల అన్నిటికంటే లోతైన చోట ఒక సన్నటి ధార వచ్చి, కాసేపు పారి, మళ్లీ నేలలోకి మాయమవుతుంది. దాని పేరు పాతాళగంగ.

సున్నపురాయి కొండలో నీరు పరుగు తీస్తుంది. పైన వాన పడిన కొద్ది రోజులకే కింద ఊట పొంగవచ్చు. చూడ్డానికి ముచ్చటే. కానీ క్వార్ట్‌జైట్ పగుళ్లలో, మట్టిలో మెల్లగా దిగిన నీటికి జరిగే వడపోత ఇక్కడ జరగదు. పైన ఊరి మురుగు కలిస్తే అది కూడా అంతే వేగంగా కిందికి వస్తుంది. ఊటనీరు కదా అని కళ్లు మూసుకుని తాగడం అన్ని కొండల దగ్గరా కుదరదు. తేటగా ఉండటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు.

వంటింటి ఊట

రాయలసీమలో ఊట గుడికి వెళ్తుంది. తూర్పు కనుమల్లో, విశాఖ మన్యంలో, అది వంటింటికి వెళ్తుంది. పాడేరు, అరకు, అనంతగిరి, చింతపల్లి కొండల్లో బోరు రిగ్గు ఎక్కలేని ఊళ్లు ఎన్నో. అక్కడ ఆడవాళ్లు బిందె ముంచేది కొండవాలున రాళ్ల మధ్య ఊరే నీటిలోనే. ఊట ఎండితే ఆ ఊరికి రెండో దారి ఉండదు, ఇంకో అరమైలు నడక తప్ప. మహానంది ఊట తగ్గితే పేపర్లో వస్తుంది. మన్యం ఊట తగ్గితే ఓ ఇంటి ఆడపిల్ల బడికి వెళ్లడం తగ్గుతుంది.

ఇక్కడ రాయి వేరు, నీరు దాగే తీరూ వేరే. కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్. ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. లక్షల ఏళ్ల వానకీ ఎండకీ ఎత్తయిన కొండల నెత్తిన ఆ రాయి చివికి, కరిగేవన్నీ కరిగిపోయి, మిగిలింది బాక్సైట్. ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. దాని కింద సగం చివికిన రాయి, తెల్లసుద్దలాంటి బంకమట్టిగా మారిన పొర ఉంటుంది. పై పొర వానను తాగుతుంది. కింది పొర దిగనివ్వదు. నీరు ఆ రెంటి మధ్య పక్కకు పాకి, కొండ చరియ తెగిన చోట బయటపడుతుంది. అందుకే మన్యంలో చాలా ఊటలు కొండ పాదాన కాకుండా నడుము దగ్గర పుడతాయి. ఊళ్లు వాటికి కాస్త దిగువన ఉంటాయి. ఆ అమరికను ఎవరూ ప్లాను గీసి పెట్టలేదు. ఈ ఊటలన్నీ కలిస్తే గెడ్డలు. గెడ్డలు కలిస్తే గోస్తనీ, శారద, చంపావతి. బొర్రా గుహల్లోంచి పారే గోస్తనీ తాటిపూడి రిజర్వాయరు మీదుగా విశాఖపట్నం కుళాయిల దాకా వస్తుంది. బీచ్‌రోడ్డు అపార్ట్‌మెంట్‌లో గ్లాసు నింపుకునే మనిషికి అనంతగిరి కొండ చుట్టమే అవుతుంది.

బాక్సైట్ అంటే అల్యూమినియం. అందుకే ఈ కొండల నెత్తి మీద చాలామంది కన్ను పడింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన 'సమత' కేసులో సుప్రీంకోర్టు 1997లో, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనులు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. 2015 నవంబరులో 97వ నంబరు జీవో బాక్సైట్ తవ్వకాలకు మళ్లీ తలుపు తీసింది. మన్యం భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయింది. ఈ గొడవలో గనుల పక్షం చెప్పే వాదన ఒకటుంది. కొండ మీది గట్టి పెంకు తీసేస్తే వాన ఇంకా బాగా ఇంకుతుందని. ఒడిశాలో నియమగిరి తగువులోనూ ఇలాంటి మాటే వినిపించింది. 2013లో అక్కడి 12 పల్లెసభలూ గని వద్దని తీర్మానించాయి. శ్రీకాకుళం పొలాలను తడిపే వంశధార పుట్టేది ఆ కొండల చుట్టుపక్కలే.

వాదనలో సగం నిజం ఉండొచ్చు. పెంకు పగిలితే నీరు దిగుతుంది. కానీ ఊటకు దిగడం ఒక్కటే చాలదు, ఆగడం కూడా కావాలి. ఆపి ఉంచే మందం ఆ చిల్లుల రాయిదే. జాడీని పగలగొట్టి మూతి వెడల్పయిందని సంతోషించినట్టు ఉంటుంది ఆ లెక్క.

గనులు రాని చోట కూడా ఊటలు క్షేమంగా ఉన్నాయని అనుకోవడానికి లేదు. దేశంలో 50 లక్షల ఊటలు ఉంటాయని, అందులో దాదాపు 30 లక్షలు హిమాలయాల్లోనే అని, అక్కడివి సగం దాకా ఎండిపోతున్నాయని 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. హిమాలయాలు దూరం కదా అనుకోనక్కర్లేదు. అక్కడ నేర్చిన పని ఇక్కడికి పనికొస్తుంది. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా గౌచర్ ప్రాంతంలో ఊటలు తగ్గిపోతుంటే బాబా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు నీటిలోని ఆక్సిజన్‌ను పరీక్షించారు. ఆక్సిజన్‌లో బరువైన రకం, తేలికైన రకం ఉంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ వానలో బరువైన రకం తగ్గుతుంది. ఊటనీటిలో దాని పాలు చూస్తే ఆ వాన ఎంత ఎత్తున పడిందో తెలిసిపోతుంది. ఒక రకంగా అది నీటి జాతకం. ఆ ఎత్తున అడ్డుకట్టలు కట్టారు. కింద ఊటలు పెరిగాయి. కొత్తవి కూడా పుట్టాయి. కందకం తవ్వాల్సింది ఊట పక్కన కాదు, ఊట తల్లి దగ్గరని తేలింది.

మైదానంలో దీనికి చట్టం తోడు ఉంది, కానీ దాని చూపు దగ్గరి చూపు. 2002 నాటి వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి, బోరు వద్దంటుంది. మంచి నియమమే. కాకపోతే పగులుకు టేపు పట్టి కొలవడం తెలియదు. ఒకే పగులు మీద అర కిలోమీటరు అవతల వేసిన లోతైన బోరు ఊట నోటి దగ్గరి నీటిని కిందికి లాగేయగలదు. పక్కనే, పగులు తగలని చోట వేసిన బోరు ఊటను తాకకపోనూ వచ్చు. కొండ పాదాల వెంట బోర్లు పెరుగుతున్న చోట్ల రాతి పటం చూడకుండా దూరం ఒక్కటే చూసి అనుమతి ఇస్తే, నియమం పాటించినట్టూ ఉంటుంది, ఊట పోయినట్టూ ఉంటుంది.

ఊటను తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక పది లీటర్ల బకెట్, చేతి గడియారం చాలు. ధార కింద బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో నెలకోసారి గోడ మీద రాసుకుంటే సరి. రెండేళ్లు రాస్తే కొండ గుట్టు సగం తెలుస్తుంది. వాన పడిన వారానికే ధార పొంగి, సంక్రాంతికల్లా సన్నబడితే అది పైపై నీరు, పక్క వాలు మీది మట్టిలోంచి వచ్చేది. వానకూ ఎండకూ పెద్దగా తేడా లేకుండా ఒకే తీరున కారితే దాని మూలం లోతున, దూరాన ఉన్నట్టు. మొదటి రకానికి కందకాలు, రాతికట్టలు దగ్గర్లోనే వేయాలి. రెండో రకానికి ముందు కొండ చుట్టూ తిరిగి, పొరలు ఎటు వాలి ఉన్నాయో చూడాలి. వాన కురిసే వాలు ఒకటి, ఊట తేలే వాలు మరొకటి కావడం తరచూ జరుగుతుంది. కొండకు అటువైపు ఊరి పోడు, ఇటువైపు ఊరి మంచినీళ్లను నిర్ణయిస్తుంది. అప్పుడు రెండు ఊళ్లూ కూర్చుని మాట్లాడుకోవాలి. రాయి చదవడం కంటే ఇదే కష్టమైన పని.

మన్యంలో కొన్ని ఊళ్లకు ఇప్పుడు గ్రావిటీ పథకాలు ఉన్నాయి. ఊట నోటి దగ్గర చిన్న గోడ, పశువులు దిగకుండా మూత, ఇసుకా కంకరా వేసిన వడపోత తొట్టి, అక్కడి నుంచి వాలు వెంట ఊళ్లోకి పైపు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. తొట్టి కడగడం, వాన తర్వాత పైపులో ఇరుక్కున్న ఆకులు తీయడం, అతుకు ఊడితే బిగించడం... ఈ పనుల్ని ఊళ్లో ఎవరో ఒకరు తమవనుకుంటే పథకం నిలుస్తుంది. లేకుంటే రెండో ఏడాదికి కుళాయిలు ఎండి, బిందెలు మళ్లీ కొండెక్కుతాయి. నిలిచిన చోట ఒక కొత్త వంతు కూడా మొదలవుతుంది. జూన్‌కు ముందు ఇంటికో మనిషి చొప్పున గునపాలు పట్టుకుని ఊట పైవాలుకు వెళ్తారు. నిరుడు మట్టితో పూడిన కందకాలను మళ్లీ తీస్తారు.